బ్యాలెట్ చివరి పేజీ (ఫ్రిస్కో డైరీ పుటలు)

2024 అక్టోబరు 6, ఆదివారం

స్కూల్ డిస్ట్రిక్ట్ పంపిన కాగితం ఇవాళ తీరిగ్గా చదివాను. నవంబరు 5న అధ్యక్ష ఎన్నికతో పాటే టెక్సాస్‌లోని మా ఫ్రిస్కో స్కూల్ డిస్ట్రిక్ట్ కూడా నాలుగు ప్రపోజిషన్లు ఓటుకు పెడుతోంది. ఎ: బడులు నడిపే ఖర్చుకు పన్ను రేటు కాస్త పెంచుకోనిమ్మని. బి: భవనాలకూ భద్రతకూ 98.6 కోట్ల డాలర్ల బాండ్ల అప్పు. సి: కంప్యూటర్లు, ట్యాబ్లెట్ల వంటి పరికరాలకు 8.89 కోట్లు. డి: ఈతకొలను బాగుచేయడానికి 1.14 కోట్లు. అప్పులు మూడూ కలిపితే 108 కోట్ల డాలర్లు దాటుతున్నాయి.

నాన్న వెంటనే రూపాయల్లోకి మార్చేశారు. "తొమ్మిది వేల కోట్లమ్మా! మన నాడు-నేడు మొదటి విడతలో 15,715 బడులకు ఖర్చు పెట్టింది మూడు వేల ఆరొందల కోట్ల చిల్లర. మీ ఒక్క ఊరికి అంతకు రెండింతలు దాటిందే?" అని, కళ్లజోడు సర్దుకుని ఆ కాగితం మళ్లీ మొదట్నుంచీ చదివారు. హెడ్‌మాస్టరుగా ఆయన రిటైరయ్యే ముందు చూసిన ఆఖరి పెద్దపని, ఆంధ్రాలో ప్రభుత్వ బడులు బాగుచేసే ఆ నాడు-నేడే. తల్లిదండ్రుల కమిటీ ఖాతాలో డబ్బు పడేది. సిమెంటు బస్తాలు లెక్కపెట్టడం, మేస్త్రీతో గొడవపడటం అన్నీ కమిటీవాళ్లే. ఫ్యాన్లు, బెంచీలు మాత్రం పైనుంచి వచ్చేవి. "ఏ బస్తా ఏ గోడలోకి వెళ్లిందో మాకు తెలిసేది. ఇంత డబ్బుకు ఇక్కడ ఎవరు లెక్కచూస్తారు?" అన్నారు.

రోజంతా ఎవరెవరి లెక్కలో చూసే ఉద్యోగం నాది. నా ఇంటి పన్ను ఏ ఖాతాలో పడుతుందో మాత్రం ఎప్పుడూ చూసుకోలేదు. మార్ట్‌గేజ్ కంపెనీ నెలనెలా ఎస్క్రో ఖాతాలోకి లాక్కుని, ఏడాదికోసారి కట్టేస్తుంది. చేత్తో కట్టని డబ్బు ఎటు పోయిందో ఎవరడుగుతారు?

అక్టోబరు 9, బుధవారం

రెండు రాత్రులు కూర్చుంటే కొంత అర్థమైంది. నా కోసమే రాసుకుంటున్నాను.

టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. ఆ బరువులో చాలా భాగం ఇంటి పన్ను మీద పడుతుంది, అందులో పెద్దవాటా బడులది. బడి పన్ను రెండు ఖాతాలుగా చీలుతుంది. ఒకటి నడిపే ఖాతా: టీచర్ల జీతాలు, కరెంటు, బస్సు డ్రైవర్లు. రెండోది అప్పు ఖాతా: బాండ్ల అసలూ వడ్డీ. రెండో ఖాతాలోంచి ఒక్క సెంటు తీసి టీచరుకు జీతమివ్వడం చట్టం ఒప్పుకోదు. నిరుడు మా రేటు నూరు డాలర్ల విలువకు డాలరు మీద రెండు మూడు సెంట్లు. అందులో 27 సెంట్లు అప్పు ఖాతాకు. ఆరు లక్షల ఇల్లనుకుంటే, సొంతింట్లో ఉండేవాళ్లకు నిరుడు లక్షకు పెంచిన మినహాయింపు పోను మిగిలే అయిదు లక్షల మీద అప్పు ఖాతాకు ఏడాదికి 1,350 డాలర్లు.

అసలు మెలిక ఇంకోచోట ఉంది. 1993 చట్టం ప్రకారం, ఆస్తుల విలువ ఎక్కువున్న డిస్ట్రిక్ట్‌లు నడిపే ఖాతాలో కొంత రాష్ట్రానికి తిరిగి కట్టాలి. జనం దాన్ని రాబిన్ హుడ్ అంటారు. పక్కనే ఉన్న ప్లేనో ఏళ్ల తరబడి కడుతోంది. అప్పు ఖాతా జోలికి మాత్రం రాష్ట్రం రాదు. పైగా పిల్లాడి తలకు రాష్ట్రం లెక్కగట్టే మూల మొత్తం 6,160 డాలర్లు 2019 నుంచీ కదల్లేదు. ఈ అయిదేళ్లలో పాలూ గుడ్లూ ఏ ధరకు చేరాయో వంటింట్లో అమ్మనడిగినా చెబుతుంది. నిరుడు రాష్ట్ర ఖజానాలో దాదాపు 3,300 కోట్ల డాలర్ల మిగులుంది, అయినా ఆ 6,160 అలాగే ఉంది.

అంటే ఇక్కడి డిస్ట్రిక్ట్‌కు బడి కట్టుకోవడానికి డబ్బు పుట్టినంత తేలిగ్గా, కట్టిన బడి నడపడానికి పుట్టదు. ఏది దొరికితే దానివైపే మొగ్గుతారు, ఎవరైనా అంతే. మెరిసే భవనమూ, అందులో జీతం చాలని టీచరూ ఒకే కప్పు కింద ఎలా ఉన్నారా అని ఇన్నాళ్లూ అనుకునేదాన్ని.

అక్టోబరు 13, ఆదివారం

నిన్న దసరా. ఇవాళ తమ్ముడింట్లో భోజనాలు. పులిహోర, గారెలు అయ్యాక మగవాళ్లంతా వెనక వరండాలో చేరి బాండ్ల మీద పడ్డారు. ఈతకొలను మీద అరగంట వాదించుకున్నారు. 1.14 కోట్ల డాలర్లతో ఎన్ని కొలనులు తవ్వొచ్చో ఒకాయన ఇంటివెనక కొలను ధరతో గుణించి మరీ చెప్పాడు. 98.6 కోట్ల బి గురించి ఎవరూ నోరెత్తలేదు. ఊహకందే అంకె మీదే వాదన సాగుతుంది కాబోలు.

అందరి నోటా మళ్లీ ఆలెన్ స్టేడియం కథ. మాకు పక్క ఊరే. 2009లో ఓటర్లు ఒప్పుకున్న బాండు డబ్బుతో దాదాపు 6 కోట్ల డాలర్లు పెట్టి, 18,000 మంది కూర్చునే ఫుట్‌బాల్ స్టేడియం కట్టారు, ఒక్క హైస్కూలుకు. 2012లో తెరిచారు. 2014 ఫిబ్రవరిలో కాంక్రీటు పగుళ్లు కనబడి మూసేశారు. మళ్లీ తెరిచింది 2015లో. పదేళ్లు దాటినా ఈ చుట్టుపక్కల ఎక్కడ బాండు మాట వచ్చినా ఎవరో ఒకరు ఆ పగుళ్లు తెస్తారు. ఫ్రిస్కో దారి వేరు. హైస్కూళ్లు చిన్నవిగా కట్టుకుంటూ వచ్చారు, 2022లో తెరిచిన పాంథర్ క్రీక్‌తో పన్నెండయ్యాయి. స్టేడియాలు పంచుకుంటారు. కౌబాయ్స్ ఫుట్‌బాల్ జట్టు ప్రాక్టీసు చేసే ఫోర్డ్ సెంటర్లోనే మా పిల్లల ఆటలూ, పట్టాల పండగలూ. కానీ కోపం వచ్చినవాడికి ఊళ్ల హద్దులు కనబడవు.

తమ్ముడు అంతసేపూ మాట్లాడలేదు. చివర్న అన్నాడు: "అక్కా, నేనిక్కడ ఇల్లు కొని ఆరేళ్లు. బడి పన్ను మీలాగే కడుతున్నా. హెచ్-1బీ మీద ఉన్నాను, గ్రీన్‌కార్డు వచ్చేసరికి చంటిది కాలేజీకి వెళ్తుంది. నా ఓటు ఎవరేస్తారు?" ఎవరూ మాట్లాడలేదు. వాళ్ల వీధిలో సగం ఇళ్ల పరిస్థితి అదే. నిర్ణయం ఓటున్న మిగతా సగానిది, డబ్బు అందరిదీ. నాకు పౌరసత్వం వచ్చాక ఇదే మొదటి పెద్ద ఎన్నిక. ఓటు లేనివాళ్ల తరఫున కూడా ఆలోచించాలని తిరిగి వస్తూ కారులో అంటే, మా ఆయన, "ఆలోచించు. నేను మాత్రం అన్నిటికీ నో" అన్నారు.

అక్టోబరు 17, గురువారం

చిన్నాణ్ణి తీసుకురావడానికి వెళ్లినప్పుడు వాడి టీచరును అడిగాను, ఈ బాండు వస్తే మీ బడికేం ఒరుగుతుందని. ఆమె నవ్వి, "బడి వేళల్లో మేం ఎటూ చెప్పకూడదండీ" అంది. నిజమే, ప్రభుత్వ డబ్బుతో ఎటువైపూ ప్రచారం చేయకూడదని టెక్సాస్ చట్టం. వివరాలు చెప్పొచ్చు, ఓటు అడగకూడదు. దాంతో అన్నీ తెలిసినవాళ్ల నోరు కట్టేసినట్టయింది. ఏమీ తెలియనివాళ్లకు ఏ అడ్డూ లేదు.

ఆమె చెప్పకపోయినా ఈ ఊరి కథ తెలిసిందే. 1990లో ఫ్రిస్కో ఆరు వేల మంది ఊరు. ఇప్పుడు రెండు లక్షలు దాటింది. 2003 దాకా హైస్కూలు ఒక్కటే. ఆ తర్వాత ఏటా బళ్లు కట్టుకుంటూనే పోయారు. అలా వరసగా కట్టినవన్నీ వరసగానే పాతబడతాయి. ఇరవయ్యేళ్ల నాటి పైకప్పులు, ఏసీలు అన్నీ ఒకేసారి మరమ్మతుకొస్తున్నాయి. బి లో పెద్దవాటా పాతవాటికే. జనం మాత్రం కొత్త హంగులనుకుంటున్నారు.

ఇంకో చిక్కుంది. పిల్లలు తగ్గడం మొదలైంది. ఇళ్ల ధరలకు భయపడి చిన్నపిల్లలున్నవాళ్లు ఉత్తరాన ప్రాస్పర్‌కో సెలైనాకో పోతున్నారు. ప్లేనో ఈ మలుపు మాకంటే ముందే చూసింది. ఈ జూన్‌లో అక్కడి బోర్డు రెండు ఎలిమెంటరీలు, రెండు మిడిల్ స్కూళ్లు మూసేయాలని తీర్మానించింది. పిల్లలు తగ్గే కాలంలో ముప్పయ్యేళ్ల అప్పెందుకన్న మాటలో న్యాయం లేకపోలేదు. పైకప్పు కారితే కింద ఎనిమిది వందల మందున్నా ఏడు వందల మందున్నా ఒకటే కదా అన్న మాటలోనూ ఉంది.

అక్టోబరు 20, ఆదివారం

పక్కింటి పెద్దాయన పచ్చికకు నీళ్లు పెడుతూ పలకరించాడు. డెబ్బై దాటాయి. పిల్లలిద్దరూ ఈ బళ్లలోనే చదివి వెళ్లిపోయారు. "పాతికేళ్లు కట్టాను. ఇక వేరేవాళ్లు కట్టుకోవాలి" అన్నాడు. 65 నిండిన ఇంటి యజమానికి బడి పన్ను ఆ ఏటి మొత్తం దగ్గరే ఆగిపోతుంది. ఇల్లు పెంచి కడితే తప్ప, బాండు వచ్చినా అది పెరగదు. ఆ సంగతి చెప్పాను. "తెలుసమ్మా" అన్నాడు. "నా పన్ను పెరగదు. కానీ ప్రతి ఏప్రిల్లో నా ఇంటి విలువ పెంచుతూ ఒక కాగితం పంపుతారే, దాని మీద నన్నెవరూ ఓటడగరు. ఇన్సూరెన్సు రెండింతలైంది, అదీ అడగలేదు. దీన్ని అడుగుతున్నారు. అందుకే చెబుతున్నాను."

వారంలో విన్న వాదనలన్నిటిలో ఇదే నిజాయితీగా అనిపించింది. సొంతింటి విలువ లెక్కలో ఏడాదికి పది శాతానికి మించి పెరగకూడదన్న హద్దుంది. మే 15లోగా అభ్యంతరం చెప్పుకోవచ్చు, మా తెలుగువాళ్లంతా దానికో ఏజెంటును పెట్టుకుంటారు కూడా. కానీ అది అర్జీ, ఓటు కాదు. రాష్ట్రం ఎంతివ్వాలో ఆస్టిన్‌లో తేలుతుంది, వడ్డీరేట్లు వాషింగ్టన్‌లో తేలతాయి. వీటన్నిటిలో ఊరివాళ్లను అవునా కాదా అని ముఖాముఖి అడిగేది బడి ఒక్కటే. మిగతా కోపాలన్నీ వచ్చి దాని గుమ్మం ముందే ఆగుతాయి.

రాత్రి నాన్నతో ఇదే చెప్పాను. ఆయన ఇంకో ప్రశ్న వేశారు. "ఈ బాండ్లు కొనేవాడికి ధైర్యమేమిటమ్మా? ఊరు కట్టకపోతే?" వెతికి చెప్పాను. 1854లో టెక్సాస్ 20 లక్షల డాలర్లతో బడుల శాశ్వత నిధి పెట్టుకుంది. తర్వాత ప్రభుత్వ భూములూ, వాటి కింద దొరికిన చమురూ దాన్ని పెంచాయి. 1983 నుంచీ స్కూల్ బాండ్లకు ఆ నిధి హామీ ఉంటోంది, అందుకే తక్కువ వడ్డీకి అప్పు పుడుతుంది. నాన్నకు అది బాగా నచ్చింది. "భూమి అమ్ముకు తినకుండా పిల్లల పేర పెట్టారు. ఎవరో గానీ ముందుచూపున్నవాళ్లు" అన్నారు.

అక్టోబరు 26, శనివారం

ఎర్లీ ఓటింగ్‌కు వెళ్లొచ్చాం. లోపల ఫోను తీయకూడదు గనక నోట్‌బుక్కులోంచి ఒక కాగితం చించి, తెలుగులో నాలుగు వరసలు రాసుకుని పట్టుకెళ్లాను. క్యూలో గంటపైన నిలబడ్డాం. అధ్యక్షుడి నుంచి మొదలుపెట్టి సెనేటరు, జడ్జీలు, ఎప్పుడూ వినని పదవులు. తెర మీద పేజీలు తిప్పి తిప్పి, వేళ్లు అలిసిపోయాక వచ్చాయి బడి ప్రపోజిషన్లు.

ఒక్కో అప్పు కింద ఇది ఆస్తి పన్ను పెంపు అని పెద్ద అక్షరాలతో వాక్యం. 2019 నుంచీ స్కూల్ బాండ్ల మీద అది రాయక తప్పదు. రేటు పెరగదని డిస్ట్రిక్ట్ అంటుంది. పాత అప్పులు తీరుతున్నకొద్దీ కొత్తవి అదే 27 సెంట్లలో ఇముడుతాయన్నది దాని లెక్క. కొత్త అప్పు లేకపోతే ఆ 27 కాలక్రమంలో తగ్గేదే కదా అన్నది చట్టం లెక్క. రెండూ అబద్ధం కావు. కానీ తెర ముందు నిలబడ్డ మనిషికి కనబడేది రెండోదే. స్టేడియాలు, ఈతకొలనులు, పరికరాలు భవనాల చాటున దాక్కోకుండా విడివిడిగా అడగాలన్నదీ అదే ఏడాది వచ్చిన మరో చట్టం. అది మాత్రం మంచి పని.

ఎ, బి, సి లకు అవునన్నాను. నాలుగేళ్లలో చచ్చే ల్యాప్‌టాప్‌కు ముప్పయ్యేళ్ల అప్పేమిటని సి గురించి మొదట చిరాకుపడ్డాను గానీ, పన్ను మినహాయింపున్న బాండ్లకు ఫెడరల్ నియమం ఒకటుంది: అప్పు గడువు ఆ వస్తువు ఆయుష్షును మరీ దాటిపోకూడదు. డి కి కాదన్నాను. అదీ మరమ్మతేనని తెలుసు, అయినా వరసలో అది చివర నిలబడాలనిపించింది. మా ఆయన అన్నమాట ప్రకారం నాలుగింటికీ నో. ఇద్దరం కారెక్కి చొక్కాలకు ఒకే రకం స్టిక్కర్లు అంటించుకుని ఇంటికొచ్చాం.

నవంబరు 6, బుధవారం

దేశమంతా అధ్యక్షుడి గురించి మాట్లాడుతుంటే నేను కౌంటీ ఫలితాల పేజీ అడుగుకు వెళ్లాను. ఎ ఓడింది. బి ఓడింది. సి, డి కూడా. నాలుగూ.

బళ్లు కట్టడానికి ఎప్పుడూ ఊఁ అన్న ఊరిది. ఆఫీసులో ఒకతను ఇది డిస్ట్రిక్ట్‌కు జనం చెప్పిన బుద్ధి అన్నాడు. వాట్సప్ గ్రూపులో ఒకావిడ ఇక ఇళ్ల ధరలు పడతాయని భయపడింది. ఇద్దరి మాటల్లోనూ పైకప్పు ఊసు లేదు.

"గెలిచావుగా, ఏం మిగిలింది మనకి?" అని మా ఆయన్ని అడిగాను. "ఏమీ మిగలదు" అన్నారు, ఆశ్చర్యంగా నిజమే చెబుతూ. "రేటు ఉన్నచోటే ఉంటుంది. కానీ అడగ్గానే ఇస్తారన్న ధీమా పోతుంది. అది చాలు." ఆయన మాట పూర్తిగా కొట్టిపారేయలేను. ఒకేసారి నూరు కోట్ల పైన అడిగినప్పుడు, ఏ బడికి ఎంత, దేనికి ముందు, ఏది ఆగగలదు అన్నది వీధి వీధికీ వెళ్లి చెప్పాల్సింది. కాగితంలో అంకె ఉంది, వరస లేదు. ఎ ఓడిపోవడం మాత్రం నాకు బాధ. అది గోడలకు కాదు, మనుషులకు అడిగిన డబ్బు. జనం రెంటికీ తేడా చూడలేదు.

డిసెంబరు 15, ఆదివారం

స్టేలీ మిడిల్ స్కూల్‌ను ఈ విద్యాసంవత్సరం చివర మూసేయాలని ఈ నెల బోర్డు ఓటేసింది. పాత భవనం, తగ్గిన పిల్లలు, లోటు బడ్జెట్. ఓటుకూ దీనికీ ముడిపెట్టడం సరికాదు, పిల్లలు తగ్గడం అంతకు ముందునుంచీ ఉంది. కానీ నో అన్నవాళ్లలోనే కొందరు ఇప్పుడు మా బడి ఎందుకు మూస్తున్నారని అడుగుతున్నారు.

నాన్న నెమ్మదిగా విన్నారు. ఆంధ్రాలో మా ఊరి హైస్కూల్లో ఒక గది గోడకు పాలరాతి పలకుంది, కట్టించినాయన పేరుతో. దసరాకో సంక్రాంతికో ఆయన మనవలు వచ్చి ఆ పలక తుడిపించి వెళ్లేవారట. "ఒకరి సొమ్ముతో కట్టినప్పుడు ఆ ఒకరూ కనిపెట్టుకుని ఉండేవాళ్లు. అందరి సొమ్ముతో కట్టినప్పుడు అందరూ కనిపెట్టుకోవాలి. మా కమిటీలోనైనా ఎంతమంది వచ్చేవాళ్లనుకున్నావు? సంతకాలకు వచ్చేవాళ్లు గానీ, స్లాబు పోసేరోజు ముగ్గురే. రెండో విడతలో స్లాబుల దాకా వచ్చి ఆగిపోయిన గదులున్నాయి చూడు, వాటి గురించి ఇప్పుడు అడిగేవాడే లేడు" అన్నారు.

2025 జనవరి 25, శనివారం

పన్ను కట్టడానికి ఈ 31 ఆఖరు తేదీ. ఎస్క్రోలోంచి పోయిందో లేదో చూసుకుని, బిల్లు అచ్చు తీసి నోట్‌బుక్కులో అంటించాను. కౌంటీ, సిటీ, కాలేజీ అన్నిటికీ కలిపినదాని కంటే బడి వరస ఒక్కటే పెద్దది.

ఇంత డబ్బు మీద అజమాయిషీ చేసే ట్రస్టీలు ఏడుగురు. జీతం లేని పని. వాళ్ల ఎన్నిక మేలో ఒక శనివారం. అధ్యక్ష ఎన్నికకు గంటలు క్యూ కట్టినవాళ్లలో ఆ శనివారం వచ్చేవాళ్లు పిడికెడు. బడ్జెట్ మీద విచారణ వేసవిలో ఉంటుంది, ఎవరైనా లేచి మాట్లాడొచ్చు, పౌరులే కానక్కర్లేదు. తమ్ముడికి ఫోన్ చేసి చెప్పాను. ఓటు లేకపోయినా మైకు ముందు మూడు నిమిషాలు నీకూ ఇస్తార్రా, రా అని. "నాకు మాట్లాడటం రాదక్కా, నువ్వు రాసివ్వు, చదువుతా" అన్నాడు.

రాసిచ్చేవి ఇవి:

ఒకటి, ప్రతి బడి పైకప్పూ ఏసీ ఏ ఏడు వేసినవి, ఏ ఏడు మార్చాలి? ఆ పట్టిక ఇంటింటికీ పంపగలరా?

రెండు, వచ్చే పదేళ్లలో పిల్లలు ఇంకా తగ్గితే ఏ భవనాల మీద ఖర్చు ఆపుతారు? అప్పు అడిగే ముందే ఆ మాట చెబుతారా?

మూడు, మళ్లీ బాండు పెట్టేటప్పుడు ఒకేసారి నూరు కోట్లు కాకుండా, మొదట కారుతున్నవి, తర్వాత పాతబడుతున్నవి, ఆఖర్న ఆటలవి అని విడదీసి అడుగుతారా?

మా ఆయన ఈ పేజీ చదివి పెన్ను తీసుకుని కింద నాలుగోది తన చేత్తో రాశారు: పోయిన బాండులో ఓడినవాటిలో వేటిని బాండు లేకుండానే సర్దుకున్నారు, ఎలా సర్దుకున్నారు? ఇది నా ప్రశ్నలన్నిటి కంటే పదునైనది. జూన్‌లో విచారణకు తమ్ముడితో కలిసి మేం ముగ్గురం వెళ్తున్నాం.